ఫ్లైట్ ఎక్కించి బాకీ ఎగ్గొడుతున్నారు: బహ్రెయిన్ నుంచి ఒక బహిరంగ లేఖ

బహ్రెయిన్‌లో కార్మిక వ్యవహారాలు చూసే అధికారులకు,
ఇక్కడి భారత దౌత్య అధికారులకు,
హైదరాబాద్‌లో, అమరావతిలో ప్రవాసుల సంక్షేమం చూసే శాఖలకు

విషయం: జీతం బాకీలు, ఓవర్‌టైమ్ (ఓటీ), గ్రాట్యుటీ చేతికి రాకముందే కార్మికులను ఇళ్లకు పంపేయడం గురించి.

అయ్యలారా, అమ్మలారా,

నమస్కారం. నేను ఒక కాంట్రాక్టింగ్ కంపెనీలో టైమ్‌కీపర్‌ని. ఎవరు ఎన్నింటికి సైటులో దిగారు, ఎన్నింటికి బస్సెక్కారు, ఎవరికెంత ఓటీ అయింది అని రాసిపెట్టడం నా డ్యూటీ. సల్మాబాద్ క్యాంపులో నాతో ఉండే తెలుగువాళ్లు రాయమంటే ఈ లేఖ రాస్తున్నాను. మాలో జగిత్యాల, నిర్మల్, నిజామాబాద్ వైపువాళ్లే ఎక్కువ. కోనసీమ, కడప వాళ్లు కొందరున్నారు. మా కంపెనీలో జీతాలు మొదట ఆలస్యమయ్యాయి, తర్వాత సగం సగం వచ్చాయి, ఆ తర్వాత పూర్తిగా ఆగిపోయాయి. అర్జీలు ఇచ్చాం. రసీదులు మా దగ్గరున్నాయి, జవాబులు మాత్రం రాలేదు. ఏ కంపెనీ, ఏ ఆఫీసు అన్నది ఇక్కడ రాయడం లేదు. కొందరి కేసులు ఇంకా నడుస్తున్నాయి, పైగా ఇది ఒక్క కంపెనీ గోల కూడా కాదు.

అరబిక్‌లో, ఇంగ్లీషులో కాపీలు వేరే ఇస్తున్నాం. తెలుగులో కూడా ఎందుకంటే, వీసా కోసం డబ్బు పోగేసుకుంటున్న కుర్రాళ్లు, వాళ్ల కోసం పుస్తెలతాడు కుదవపెడుతున్న ఇంటివాళ్లు కూడా ఇది చదవాలని.

మంచి జరిగిన చోట మంచి చెప్పాలి. చట్టం రాయడంలో ఈ చిన్న దీవి గల్ఫ్‌లోని పొరుగు దేశాల కంటే ముందే నడిచింది. కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఒప్పుకోకపోయినా కార్మికుడు వేరే కంపెనీకి మారవచ్చని 2009లోనే అంది. 2011లో కాస్త వెనక్కి లాగి, ఒకే యజమాని దగ్గర ఏడాది నిండాకే అని మార్చింది. 2012 నాటి 36వ నంబరు చట్టం రోజుకు 8 గంటల పని, వారానికి 48 గంటలు, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు, మొదటి 15 రోజుల సిక్ లీవుకు పూర్తి జీతం రాసిచ్చింది. కార్మికుడు దావా వేస్తే కోర్టు ఫీజు లేదు. జీతాలు బ్యాంకు ద్వారానే వెయ్యాలన్న వేతన రక్షణ పద్ధతి 2021 మే నుంచి దశలవారీగా అమల్లోకి వచ్చింది. సెహ్లాలో ప్రవాస కార్మికుల రక్షణ కేంద్రం ఉంది, సాయానికి 995 ఫోన్ నంబరు ఉంది. ఇవన్నీ మాకు అక్కరకొచ్చినవే, కృతజ్ఞతలు. ఇక అసలు విషయానికి వస్తాం.

మా డబ్బు ఎగ్గొట్టాలంటే యజమాని కోర్టులో గెలవనక్కర్లేదు. మేము ఇంటికి వెళ్లేదాకా ఓపిక పడితే చాలు. దేశమంతా కలిపి 800 చదరపు కిలోమీటర్లు కూడా లేదు, ఏ ఆఫీసుకైనా గంటలో చేరుకోవచ్చు. అయినా మా బాకీ ఆ ఆఫీసుల దాకా చేరకుండానే మనిషి ఎయిర్‌పోర్టుకు చేరుతున్నాడు. ఎలాగో వరుసగా రాస్తున్నాం.

జరుగుతున్నది ఇది

1. ఎగ్జిట్ సంతకం. అది ఒక పేజీ అరబిక్ కాగితం. కింద ఇంగ్లీషులో రెండు లైన్లు ఉంటే ఉంటాయి, లేకపోతే లేదు. సారాంశం ఏంటంటే, నాకు రావాల్సిన జీతం, లీవు డబ్బు, గ్రాట్యుటీ అన్నీ ముట్టాయి, కంపెనీ మీద నాకు ఏ క్లెయిమూ లేదు అని. ఈ కాగితాన్ని టికెట్, పాస్‌పోర్టులతో కలిపి ఒకే కవర్లో పట్టుకొస్తారు. ముందు సంతకం, ఆ తర్వాతే పాస్‌పోర్టు. కోరుట్ల దగ్గరి ఒక షట్టరింగ్ కార్పెంటర్ సంతకం పెట్టే ముందు డబ్బు ఎక్కడ అని అడిగాడు. కవరు తెచ్చిన డ్రైవరు మనవాడే. "ఊరికి పో అన్నా, అకౌంట్ల వేస్తరు. టైమ్ అయితున్నది" అన్నాడు. బయట బస్సు ఇంజను ఆపలేదు. కార్పెంటర్ తెలుగులో సంతకం చేశాడు, పక్కన బొటనవేలి ముద్ర కూడా వేయించుకున్నారు. ఆ ఇంకు ప్యాడు నా టేబుల్ మీదిదే కాబట్టి ఇది విన్న మాట కాదు. ఆ అకౌంట్లో ఇప్పటికీ ఏమీ పడలేదు.

చట్టం కంటే తక్కువిచ్చే ఒప్పందం చెల్లదని 36వ నంబరు చట్టమే చెప్తుంది. చెల్లదని వాదించడానికి మనిషి ఇక్కడ ఉండాలి కదా.

ఆ కార్పెంటర్ బేసిక్ 120 దినార్లు, సర్వీసు ఎనిమిదేళ్లు. చట్టం ప్రకారం మొదటి మూడేళ్లకు ఏడాదికి సగం నెల జీతం, ఆ తర్వాత ఏడాదికి ఒక నెల జీతం చొప్పున గ్రాట్యుటీ. అంటే 180, 600 కలిపి 780 దినార్లు. మన డబ్బుల్లో లక్షా డెబ్బై వేల పైమాటే. జీతం బాకీ దీనికి అదనం.

2. ఏడాది గడువు. ఒప్పందం ముగిశాక ఏడాదిలోగా దావా వెయ్యాలి. దాటితే కోర్టు వినదు. వినడానికి ఏడాది చాలా పెద్ద గడువులాగే ఉంటుంది. ఊరికెళ్లిన మనిషి వైపు నుంచి చూడండి. మొదటి రెండు మూడు నెలలు "ఈ నెల వేస్తాం, వచ్చే నెల వేస్తాం" అన్న ఫోన్లతో గడుస్తాయి. తర్వాత ఫోన్ ఎత్తరు. ఇక్కడ కేసు వెయ్యాలంటే ఎవరికైనా పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలి. దానికి నోటరీ, రాష్ట్ర ప్రభుత్వ అటెస్టేషన్, విదేశాంగ శాఖ అపోస్టిల్ (కాగితం పరాయి దేశంలో చెల్లేలా వేసే ముద్ర), ఆపై అరబిక్ అనువాదం. మండల కేంద్రంలో నోటరీ దొరుకుతాడు, మిగతావాటికి హైదరాబాద్ ప్రయాణం, ఏజెంటు ఖర్చు. ఈ దారి ఉందని తెలిసేసరికే సగం ఏడాది అయిపోతుంది. 2020లో కరోనా టైమ్‌లో వందే భారత్ ఫ్లైట్లలో బాకీలు వదిలేసి వెళ్లినవాళ్లకు ఇదే జరిగింది. ఆకాశంలో విమానాలే సరిగా లేని ఆ రోజుల్లో గడువు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నవాళ్లు ఎవరు?

3. ఉండి కొట్లాడదామంటే తిండి లేదు. జీతం ఆగిన రెండో నెలలో మెస్సువాడు అరువు ఆపేస్తాడు, అతని తప్పు కూడా కాదు. కంపెనీ పర్మిట్ రెన్యూ చెయ్యదు, సీపీఆర్ (ఇక్కడి గుర్తింపు) కార్డు గడువు దాటుతుంది. ఇక బ్యాంకులో, ఆసుపత్రిలో, సిమ్ షాపులో ప్రతి చోటా ఇబ్బందే. బయట రోజు కూలికి వెళ్తూ పట్టుబడితే డిపోర్ట్. వెళ్లకపోతే పస్తు. ఈ మధ్యలో మనిషి పనికి రావడం లేదని కంపెనీ రిపోర్టు పెడితే ఇక అతను రన్‌అవే, అంటే పారిపోయినవాడు. మా భాషలో ఖల్లివెల్లి అయిపోయినట్టే. జీతం ఇవ్వనివాడు ఆఫీసులో ఏసీ కింద కూర్చుంటాడు, రావాల్సినవాడు చెక్‌పోస్టు చూసి సందులోకి తప్పుకుంటాడు.

2017లో వచ్చిన ఫ్లెక్సీ పర్మిట్ (కఫీల్ లేకుండా సొంతంగా పనిచేసుకునే పర్మిట్) పాత పర్మిట్ గడువు దాటినవాళ్లకు ఒక దారిగా ఉండేది. రెండేళ్లకు 449 దినార్లు, పైగా నెలకు 30 దినార్లు అంటే మా జీతాలకు మోయలేని భారమే, అయినా తలెత్తుకుని నడిచే వీలుండేది. 2022లో దాన్ని తీసేసి రిజిస్ట్రేషన్ కేంద్రాల ద్వారా పర్మిట్ ఇచ్చే పద్ధతి తెచ్చారు. జీతం బాకీ కేసు నడుస్తున్నవాడి దగ్గర దానికి కట్టే డబ్బు ఎక్కడుంటుంది?

4. ఓటీ కాలమ్. ఇది నా టేబుల్ మీద జరిగే పని కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. టైమ్‌షీట్లో ఒక్కో మనిషికి ఒక్కో గీత, తేదీకో గడి. మామూలు గంటలు నీలం పెన్ను, ఓటీ ఎరుపు. నెలాఖరున నేను కూడి పైకి పంపిస్తాను. చట్టం ప్రకారం పగటి ఓటీకి మామూలు గంట కూలికి 25 శాతం కలపాలి, రాత్రి ఓటీకి 50 శాతం. 120 దినార్ల బేసిక్‌ని 30 రోజులకూ, 8 గంటలకూ భాగిస్తే గంటకు 500 ఫిల్సులు (వెయ్యి ఫిల్సులు ఒక దినార్). పావు వంతు కలిపితే 625. మాకు వచ్చేది ఫ్లాట్ 350. రోజుకు రెండు గంటల చొప్పున 26 రోజులు చేసిన మనిషికి 32 దినార్ల 500 ఫిల్సులు రావాలి, 18 దినార్ల 200 ఫిల్సులు వస్తాయి. తేడా 14 దినార్ల పైనే, అంటే మూడు వేల రూపాయలు దాటుతుంది. ఊళ్లో లక్షన్నర వీసా అప్పుకు నూటికి రెండు రూపాయల వడ్డీ ఎంతో లెక్కేసుకోండి, సరిగ్గా నెలకు మూడు వేలు. ఓటీ సక్రమంగా ఇస్తే ఆ వడ్డీ తీరిపోయేది.

ఇంకో సంగతి. జీతం ఆలస్యం చేసిన యజమాని ఏడాదికి 6 శాతంతో మొదలుపెట్టి 12 శాతం దాకా అదనంగా కట్టాలని చట్టంలో ఉంది. మన ఊళ్లో నూటికి రెండు అంటే ఏడాదికి 24. పూర్తిగా వసూలైనా మేము సగం వడ్డీ నష్టపోతాం. వసూలైనవాణ్ని నేనింకా చూడలేదు.

5. కంటికి కనబడే నియమం అమలవుతోంది, లెక్కల్లో దాగేది అమలు కావడం లేదు. ఎండాకాలం మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా ఆరుబయట పని ఆపాలన్న నిబంధన 2007 నుంచి ఉంది. మొదట జులై, ఆగస్టు నెలలకే ఉండేది, 2025లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా పెంచారు. దీన్ని చాలా సైట్లు పాటిస్తాయి. ఎందుకంటే ఇన్‌స్పెక్టర్ కారు దిగి చూస్తాడు, పన్నెండున్నరకు స్కాఫోల్డింగ్ మీద మనిషి కనబడితే జరిమానా పడుతుంది. జీతాల విషయంలో కారు దిగే పని కూడా లేదు. ఏ కంపెనీ ఏ నెల ఎవరికి జీతం వెయ్యలేదో వేతన రక్షణ పద్ధతి కంప్యూటర్‌లోనే కనబడాలి. మరి జీతం ఆగిన కంపెనీలోకి కొత్తవాళ్లు ఎలా దిగుతున్నారు? మా క్యాంపులో పాతవాళ్లకు జీతాలు లేని నెలలోనే కొత్త మంచాలు వేశారు.

6. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు. వాళ్ల గురించి మేము రాస్తే అరకొరగానే ఉంటుంది, ఎందుకంటే వాళ్లు మాకు కనబడరు. శుక్రవారం గుదైబియాలో మనీ ఎక్స్ఛేంజీ దగ్గర, చర్చి దగ్గర కలిసే కొందరు చెప్పినదాన్ని బట్టి రాస్తున్నాం. వంటవాళ్లు, ఆయాలు, ఇంటి డ్రైవర్లు, కాపలావాళ్లకు 36వ నంబరు చట్టంలో కొన్ని సెక్షన్లే వర్తిస్తాయి. రాతపూర్వక ఒప్పందం, జీతం, వార్షిక సెలవు, గ్రాట్యుటీ ఉన్నాయి. రోజుకు 8 గంటలన్న పరిమితి, ఓటీ, వారానికో సెలవు లేవు. తెల్లవారుజామున లేచింది మొదలు రాత్రి అతిథులు వెళ్లిందాకా పనే. కడప, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన అక్కచెల్లెళ్లలో విజిట్ వీసా మీద దిగినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకు ఒప్పందం కాగితమే ఉండదు.

7. మనవైపు తప్పు. బహ్రెయిన్ మీద నెపం వేసి చేతులు కడుక్కోవడం న్యాయం కాదు. ఇక్కడ ప్రైవేటు రంగంలో మాకు కనీస వేతనం అనేది లేదు. మాకున్న ఆధారం భారత ప్రభుత్వం నిర్ణయించే రెఫరల్ వేతనం (విదేశానికి వెళ్లే కార్మికుడికి ఇంతకు తగ్గకూడదన్న జీతం) ఒక్కటే. 2020 సెప్టెంబరులో ఢిల్లీ దాన్నే కోసి బహ్రెయిన్‌కు 200 డాలర్లు చేసింది. తెలంగాణ హైకోర్టులో కేసు పడ్డాక, 2021లో ఆ తగ్గింపు వెనక్కి తీసుకున్నారు. ఏజెంటు తీసుకోగల సర్వీసు చార్జీ 30,000 రూపాయలూ జీఎస్టీ మాత్రమే అని రూలుంది. మా క్యాంపులో అంత తక్కువ కట్టి వచ్చినవాడు ఒక్కడు కూడా లేడు. యూనియన్ పెట్టుకునే హక్కుపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 87, 98 ఒప్పందాలను బహ్రెయిన్ ఆమోదించలేదు. భారతదేశమూ ఆమోదించలేదు, కాబట్టి ఆ విషయంలో మనం గొంతు పెంచలేం.

మేము అడుగుతున్నది

బహ్రెయిన్ అధికారులకు:

1. పర్మిట్ క్యాన్సిల్ చేసే ముందు చివరి జీతం, లీవు డబ్బు కార్మికుడి ఖాతాలో పడ్డ బ్యాంకు రుజువు అడగండి. బ్యాంకు స్లిప్పు జత చెయ్యని సెటిల్‌మెంట్ కాగితానికి విలువ లేదని ప్రకటించండి. కాగితాన్ని మనిషికి వచ్చిన భాషలో చదివి వినిపించాలి, వినిపించినవాడి పేరు అందులో ఉండాలి. దీని పేరు చెప్పి కార్మికుడి ప్రయాణం ఆపొద్దని ప్రత్యేకంగా అడుగుతున్నాం. తల్లి చావుబతుకుల్లో ఉందని వెళ్లేవాణ్ని బ్యాంకు స్లిప్పు రాలేదని ఆపితే మేమే తిట్టుకుంటాం. ఆపాల్సింది ఆ కంపెనీకి ఇచ్చే కొత్త వీసాలను.

2. జీతం ఆగిన కంపెనీపై రెండో నెలలోనే, కార్మికుడు ఫిర్యాదు చేసేదాకా ఆగకుండా, మీ కంప్యూటర్ చెప్పిన లెక్క మీదే చర్య మొదలుపెట్టండి. ఆ సమాచారం ఆయా దేశాల ఎంబసీలకు పంపండి. బ్యాంకు ద్వారా వేశామని చూపించి ఏటీఎం కార్డులు క్యాంపు బాసు దగ్గర పెట్టుకునే కంపెనీలు కొన్ని ఉన్నాయి. తనిఖీకి వచ్చినప్పుడు కార్డు ఎవరి జేబులో ఉందో కూడా చూడండి.

3. జీతం బాకీ కేసు వేసినవాడికి, కేసు తేలేదాకా ఫీజు లేకుండా వేరే చోట పనిచేసుకునే పర్మిట్ ఇవ్వండి. కేసు నడుస్తుండగా కంపెనీ పెట్టే రన్‌అవే రిపోర్టును తీసుకోవద్దు. ఇదొక్కటి చేస్తే మిగతావాటిలో సగం వాటంతటవే దారికొస్తాయి. ఓపిక పట్టి కూర్చుంటే కార్మికుడే వెళ్లిపోతాడన్న ధీమా యజమానికి పోతుంది.

4. గ్రాట్యుటీకి మీరే చేసి చూపించారు, జీతానికీ చెయ్యండి. 2024 మార్చి నుంచి విదేశీ కార్మికుల గ్రాట్యుటీని కంపెనీలు నెలనెలా సోషల్ ఇన్సూరెన్స్ సంస్థకు కట్టాలి. మొదటి మూడేళ్ల సర్వీసు వాళ్లకు జీతంలో 4.2 శాతం, ఆ తర్వాత 8.4 శాతం. ఆ రోజు నుంచి చేరిన డబ్బు యజమాని జేబులో లేదు కాబట్టి మాకు దాని గురించి టెన్షన్ తగ్గింది. ఆ తేదీకి ముందు సర్వీసు తాలూకు గ్రాట్యుటీ మాత్రం ఇంకా కంపెనీ చేతిలోనే ఉంది, పైన చెప్పిన కార్పెంటర్ లాంటి పాతవాళ్ల డబ్బు చాలావరకు అదే. మా ఒక్కొక్కరి మీద కంపెనీ మీకు నెలనెలా ఫీజు కడుతుంది. అందులో కొంత పక్కన పెట్టి వేతన నిధి ఒకటి ఏర్పాటు చెయ్యండి. కంపెనీ చేతులెత్తేస్తే మూడు నెలల జీతం ఆ నిధి నుంచి కార్మికుడికి ఇచ్చి, కంపెనీ దగ్గర మీరు వసూలు చేసుకోండి. వసూలు చేసే బలం మీకుంది, మాకు లేదు.

5. దేశం విడిచి వెళ్లినవాళ్లకు ఏడాది గడువు సడలించండి. వీడియోలో సాక్ష్యం చెప్పే వీలు కల్పించండి.

6. ఇంటి పనివాళ్లకు రోజు గంటల పరిమితి, వారానికి ఒక పూర్తి సెలవు చట్టంలో చేర్చండి. వాళ్ల జీతాలు కూడా బ్యాంకు ద్వారానే పడాలన్న నియమం పెట్టండి.

భారత దౌత్య అధికారులకు:

7. పవర్ ఆఫ్ అటార్నీ ఇక్కడే, మనిషి ఫ్లైట్ ఎక్కకముందే తయారు కావాలి. దానికోసం మేము పని మానుకుని సీఫ్‌లోని ఎంబసీ దాకా రాలేం, ఆ రోజు జీతం కోస్తారు. సల్మాబాద్, సిత్రా, అస్కర్ క్యాంపులకు శుక్రవారం ఒక అధికారి, ఒక అనువాదకుడు వచ్చి చార్జీ లేకుండా చేసిపెట్టాలి. 2009 నుంచి ఉన్న భారతీయ ప్రవాసుల సంక్షేమ నిధి ఉన్నదే ఇలాంటి కష్టాల కోసం. అది మేము కాన్సులర్ సేవలకు కట్టే డబ్బుతోనే నడుస్తోంది. అందులోంచి కార్మిక కేసులకు లాయర్‌ని పెట్టండి. మృతదేహాలను పంపడంలో ఆ నిధి, ఇక్కడి స్వచ్ఛంద సేవకులు చేసే సాయం మాకు తెలుసు. బతికున్నప్పుడు కూడా ఆ సాయం అందాలని అడుగుతున్నాం.

8. పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి అని 1967 పాస్‌పోర్టుల చట్టం 17వ సెక్షన్ చెప్తుంది. అది కంపెనీ బీరువాలో ఎందుకుందని అడిగే హక్కు మా కంటే మీకే ఎక్కువ. భారతీయులను పెట్టుకున్న ప్రతి కంపెనీకి ఒక లేఖ రాయండి. పాస్‌పోర్టు చేతిలో ఉంటే ఎగ్జిట్ కాగితం మీద సంతకం పెట్టాలా వద్దా అని ఆలోచించుకునే ధైర్యం వస్తుంది.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలకు:

9. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షల రూపాయలు ఇవ్వాలన్న తెలంగాణ నిర్ణయం మంచిది. విదేశాలకు వెళ్లే కార్మికులకు కేంద్రం పెట్టిన ప్రవాసీ బీమాలో చావుకు డబ్బు ప్రమాదమైతేనే వస్తుంది. నిద్రలో గుండె ఆగి పోయినవాడి ఇంటికి దాన్నుంచి ఏమీ రాదు, కాబట్టి ఈ 5 లక్షలు వాళ్లకు పెద్ద ఆసరా. ఆంధ్రప్రదేశ్ కూడా చావు ఎలా వచ్చిందని చూడకుండా ఆదుకోవాలని కోరుతున్నాం. అలాగే రెండు రాష్ట్రాల్లోనూ వలసలు ఎక్కువున్న జిల్లాల కలెక్టరేట్లలో ఒక బాకీల డెస్కు పెట్టండి. తిరిగొచ్చిన మనిషి టైమ్‌షీటు ఫోటో, బ్యాంకు స్టేట్‌మెంట్, ఒప్పందం కాపీ పట్టుకుని వస్తే అక్కడే నోటరీ, అటెస్టేషన్, అపోస్టిల్ పని మొదలుపెట్టి, కాగితం మనామాకు చేరేదాకా డెస్కే చూసుకోవాలి. ఏడాది గడువు ఎప్పుడు ముగుస్తుందో మొదటి రోజే ఫైలు మీద రాయాలి.

10. వీసా కోసం ఎంత కట్టావని ప్రయాణానికి ముందే ప్రతి కార్మికుణ్ని విడిగా, ఏజెంటు పక్కన లేకుండా అడిగి రాసుకోండి. 30,000 దాటితే కేసు పెట్టండి. ఒక్క జిల్లాలో పది కేసులు నిలబడినా రేటు దిగుతుంది.

ఇందులో అన్నీ ఒక్కరి చేతిలో లేవని తెలుసు. ఏది మీ పరిధిలో ఉంది, ఏది లేదు, ఉన్నది ఎప్పటిలోగా చేస్తారు అన్నది రాతపూర్వకంగా చెప్పండి. ఏ శుక్రవారమైనా క్యాంపుకు రండి. ఓటీ కాలమ్‌తో సహా టైమ్‌షీట్ల కాపీలు, జీతాలు ఆగిన నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఎగ్జిట్ కాగితాల ఫోటోలు మీ ముందు పెడతాం. ఎండాకాలం మధ్యాహ్న విరామం మొదలయ్యే జూన్ 15లోగా జవాబు ఆశిస్తున్నాం. అప్పటికీ రాకపోతే ఎవరికి ఎన్ని నెలల జీతం, ఎంత ఓటీ, ఎంత గ్రాట్యుటీ బాకీ ఉందో పేర్లు తీసేసి, మండలాల వారీగా పట్టిక వేసి రెండు రాష్ట్రాల పత్రికలకూ, ఎమ్మెల్యేలకూ పంపిస్తాం. పట్టిక తయారీ ఇప్పటికే మొదలుపెట్టాం.

ఇట్లు,
సల్మాబాద్ క్యాంపులోని తెలుగు కార్మికుల తరఫున,
ఒక టైమ్‌కీపర్